మూటలో దాచిన చీర

నా బిడ్డ నన్ను మరిచిపోతుందేమోనని నాకు భయం. నాకున్న భయాలన్నింటిలోకీ అదే పెద్దది. పామంటే భయం, ఉరుమంటే భయం, పాప రెండుసార్లు దగ్గితే భయం. మా ఆయన ఉమామహేశ్ "నీకు భయం ల్యానిది ఏదన్నా ఉంటే చెప్పు, గోడ మీద రాసి పెడతా" అని ఎగతాళి చేస్తాడు. కానీ వాటికి ఏదో ఒక మందో, తలుపు గడియో ఉంటుంది. కన్నబిడ్డ మనల్ని చూసి ఎవరో అనుకుంటే దానికి మందు ఎక్కడ దొరుకుతుంది?

ఈ భయం నాకు ఊరికే రాలేదు. మాది ఆలూరు పక్కన. చలికాలం చివరికి మా చేలల్లో పనంటూ మిగలదు. అప్పుడే గుంటూరు దిక్కున మిరప కోతలు మొదలవుతాయి. వీధులకు వీధులు ఇళ్ళకు తాళాలు వేసి, గిన్నెలు, దుప్పట్లు మూటగట్టుకుని, లారీలెక్కి పోతాయి. దాన్ని మేము సుగ్గికి పోవడం అంటాం. నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ నన్ను అవ్వ దగ్గర వదిలి సుగ్గికి పోయింది. తిరిగొచ్చి చేతులు చాపితే నేను అవ్వ వెనక దాక్కుని "యావమ్మవే నువ్వు?" అని అడిగానట. ఆ మాట అమ్మ పదిమందిలో నవ్వుతూనే చెప్పేది. అయితే చెప్పి ముగించాక లేచి ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నన్ను కూడా వెంట తీసుకుపోయారు. వచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి, నా చదువు కూడా.

పోయిన ఏడు నా వంతు వచ్చింది. మా పాప శివానికి అప్పటికి ఏడాది మీద మూడు నెలలు. వెంట తీసుకుపోదామంటే దానికి ఛాతీలో పిల్లికూతలు. చలి పెట్టినప్పుడల్లా ఎగరొప్పేది. ఆసుపత్రిలో నర్సమ్మ "మిరప ఘాటు ఈ పాపకు అస్సలు పడదు, ఆ చేల దగ్గరికి తీసుకుపోవద్దు" అని గట్టిగా చెప్పింది. మా అత్త రామేశ్వరమ్మ ఇంట్లో ఉంటే సరిపోయేది. కానీ ఆమెకున్నంత చెయ్యి వేగం మా ముఠాలో ఎవరికీ లేదు. ఆమె కోస్తేనే మాకు గింజలు. ఆ ఏడు పత్తి నిలువునా ఎండిపోయింది. నేను ఉంటానంటే ఇద్దరి కోతతో ఏడాది గడవదు. ఎటు తిప్పి చూసినా ముగ్గురం పోవాల్సిందే, పాప ఉండాల్సిందే.

ఎవరి దగ్గర? మా కాలనీలో ఇళ్ళు ప్రభుత్వం వరసగా కట్టి ఇచ్చినవి. మాకూ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే. ఆ పక్కింటి ఆమె సంతోషమ్మ. అరవై దాటాయి. మోకాళ్ళు అరిగిపోయి సుగ్గికి పోవడం మానేసింది. భర్త దాసన్న పోయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. ఆదివారం చర్చి, నాలుగు కోళ్ళు, మిగతా పొద్దంతా పులిమేక ఆట. ఆమె అరుగు మీద పరిచిన నాపరాయికి ఉలితో గీతలు కొట్టించుకుంది. మూడు పులులకు మూడు తెల్ల రాళ్ళు, పదిహేను మేకలకు చింతపిక్కలు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అత్త చెయ్యి కూడా తుడుచుకోకుండా అక్కడికి పోయేది.

ఆ రోజు కూడా ఆట మీదే ఉన్నారు. నేను గోడకు ఇవతల పాపకు అన్నం పెడుతున్నాను.

"ఏమ్మే రామేశ్వరమ్మా, నీ పులి కూరాకు తేను పాయనా? కదలదేమి?" అంది సంతోషమ్మ.

"ఉండు, ఆలోచన చేస్తాండా."

"నువ్వు ఆలోచన చేసేలోపల నా మేకలు ఈని పిల్లల్ని పెడతాయి."

"పెట్టనీలే. నీ మేకల్ని మేపింది చాలు గానీ, మా పాపను రెండు నెల్లు మేపుతావా?"

సంతోషమ్మ చేతిలో చింతపిక్క అట్లాగే ఆగిపోయింది. గోడ మీదుగా నా వైపు చూసింది, నా ఒళ్ళోని పాప వైపు చూసింది.

"దీనికేనా మే, ఇంతసేపూ నాతో ఓడిపోతాండావు?"

"ఊరికే ఓడిపోతానా నేను!" అని మా అత్త నవ్వింది.

"చూస్తాలే. ఆదివారం చర్చికి గూడా ఎత్తుకపోతా. మల్ల ఏమన్నా అనుకుంటారేమో, ఇప్పుడే చెప్పండి."

"దేవుడు యాడుంటే ఏమి సంతోషమ్మా? ఆడ ఇది నోరు మూసుకోని కూర్చుంటే అదే పదివేలు."

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అన్నం ముద్ద పాప నోటి దగ్గరే పెట్టుకుని "పెద్దమ్మా, నన్ను మరిచిపోదు కదా?" అని అడిగాను. పెద్దమ్మా అనే పిలుస్తాను ఆమెను.

"ఏంటికి మరిచిపోతాది? అదేమన్నా నీకు బాకీ ఉండాదా మరిచిపోను?" అని ఆమె మేకను ఒక గడి జరిపింది.

పోయే ముందు వారం రోజులు చనుమొనకు వేపాకు ముద్ద రాసి పాలు మాన్పించాను. అది మొహం చేదుగా పెట్టి, నా మొహంలోకి చూసేది, ఇదేం చేస్తున్నావే అన్నట్టు. బయల్దేరిన రోజు చిలకపచ్చ చీర కట్టుకున్నాను. పాప నా కొంగు పట్టుకుని వదల్లేదు. సంతోషమ్మ ఒక్కొక్క వేలే విడదీసింది. లారీ కదిలాక చూసుకుంటే కొంగు చివర పాప చొంగ తడి ఇంకా ఆరలేదు. అప్పుడే మనసులో అనుకున్నాను, ఈ చీర మళ్ళీ పాప ముందే కడతానని. అది నన్ను చివరిసారి చూసింది ఈ చీరలో. మొహం మరిచిపోయినా చీరైనా గుర్తుపడుతుంది గదా. చేను గట్టున గుడారం వేసుకోగానే ఆ చీర మడత పెట్టి, బట్టల మూటలో అడుగున దాచాను. రెండు నెలల్లో ఒక్కసారి కూడా తీయలేదు.

మిరప కోత గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నడుం వంచితే పొద్దు గూకేదాకా వంచినట్టే. మొదటి నాలుగు రోజులు రొమ్ములు రాళ్ళైపోయి జాకెట్టు తడిసేది. పక్క సాలులో కోసే ఆడవాళ్ళు చూసి తల పక్కకు తిప్పుకునేవాళ్ళు. తర్వాత అదీ ఆగింది. చేతులు మండేవి, మొహం మండేది, కొన్ని రోజులకు ముక్కు మొద్దుబారింది. ఎంత ఘాటైనా తెలిసేది కాదు.

సాయంత్రం కాయలు తూకం వేసి దించాక మా ఆయన ఫోను నాకిచ్చేవాడు. సంతోషమ్మ దగ్గర మీటలున్న చిన్న ఫోను ఉంది. అందులో బొమ్మ కనిపించదు, మాటే.

"శివానీ, బువ్వ తింటివా? ఎన్ని ముద్దలు తింటివి?" రోజూ ఇవే మాటలు అడిగేదాన్ని. ఇంతకన్నా ఏం అడగాలో తోచేది కాదు.

అవతల నుంచి ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

"ఉందా పెద్దమ్మా అక్కడ?"

"ఈడనే ఉండాది. ఇంటాంది."

"ఏమన్నా అంటాందా?"

"ఏమంటాది మే, ఫోను నోట్లో పెట్టుకోని నాకుతాంది."

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "నన్ను అడుగుతాందా పెద్దమ్మా? నాకోసం వెతుకుతాందా?"

"లేదులేమ్మే. అసలు అడగదు. కోళ్ళ యెనక ఉరుకుతా, బాగా ఆడుకుంటాంది. నువ్వు మనసులో ఏం పెట్టుకోవాకు."

నాకు ధైర్యం చెప్పాలనే ఆమె ఆ మాట అంది. ఆ ఒక్క మాట మాత్రం నెల రోజులు నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. అసలు అడగదు. సాలు వెంబడి కాయ కోస్తూ అదే మాట. అన్నం కలుపుతూ అదే మాట. మా ఆయనతో చెబితే "ఏడుస్తాందంటే ఏడుస్తావు, ఆడుకుంటాందంటే ఏడుస్తావు, నీకు ఏం చెప్పాల మరి?" అన్నాడు. నిజమే. నాకేం చెప్పాలో నాకే తెలియదు.

కోతలు అయిపోయాయి. చేను ఆసామి పోయేటప్పుడు తలా ఇన్ని తాలుకాయలు ఇచ్చాడు. రంగు తెల్లబారి అమ్మకానికి పనికిరాని మిరపకాయలే తాలుకాయలు. ఏడాది పొడుగునా ఇంట్లో కారానికి అవే. మా ఆయన వాటిని ఒక గోతంలో వేసి, లారీలో ఎగిరిపోకుండా బట్టల మూట మధ్యలో పెట్టి కట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. నాకేమీ అనిపించలేదు.

దారి పొడుగునా మా అత్త ఒకే పాట. "చేతులు బాగా కడుక్కో. గోర్ల సందుల చింతపండు పెట్టి రుద్దు. సుగ్గి నుంచి వచ్చిన చేతులతో మూడు నాళ్ళు చంటిబిడ్డల్ని ముట్టగూడదు. నేను నా మొగుణ్ణే ముట్టనిచ్చేదాన్ని కాదు."

"అత్తా!" అన్నాను.

"ఏంటికే సిగ్గు? ఉండే మాటే చెప్తాండా."

మూడు రోజులు నా వల్ల కాదని నాకు తెలుసు. అందుకని బయల్దేరడానికి రెండు రోజుల ముందు నుంచే చేతులు పుల్లటి మజ్జిగలో నానబెట్టాను. చింతపండు రుద్దాను, ఆముదం పూశాను, సబ్బుతో కడిగి మళ్ళీ మజ్జిగలో ముంచాను. చర్మం తెల్లగా నానిపోయి ముడతలు పడింది. నాలుక చివర వేలు పెట్టి చూసుకుంటే మంట లేదు. మా అత్తకు కూడా చూపించాను. ఆమె తన నాలుక ఆనించి చూసి "సరే పో" అంది.

పొద్దున తొమ్మిదింటికి కాలనీలో దిగాం. పక్కింటి అరుగు వైపు చూడకుండా నేరుగా ఇంట్లోకి పోయాను. డ్రమ్ములో అడుగున మిగిలిన పాత నీళ్ళతో తలారా పోసుకున్నాను. మూట విప్పి, అడుగు నుంచి చిలకపచ్చ చీర తీసి కట్టుకున్నాను. అద్దంలో చూసుకుంటే నల్లగా, ఎండు పుల్లలా ఉన్నాను. కానీ చీర అదే. చీర ఏమీ మారలేదు.

పాప అరుగు మీద కూర్చుని చింతపిక్కలు ఒక డబ్బాలో వేసి గిలక్కొడుతోంది. జుట్టు పెరిగింది. ఎవరో రెండు పిలకలు వేశారు. "శివానీ" అన్నాను. తలెత్తింది. నా మొహం చూసింది, చీర చూసింది. డబ్బా కింద పెట్టేసింది. అది నవ్విందో లేదో ఇప్పటికీ చెప్పలేను, పెదవులు మాత్రం కదిలాయి. అంతకంటే ఆగలేక ఎత్తుకున్నాను. అది వెనకటి లాగే మొహం నా భుజం మీద కొంగులో దాచుకుంది. 

మనసులో పది లెక్కపెట్టేంత సేపు కూడా కాలేదు. పాప గట్టిగా అరిచింది. అట్లాంటి అరుపు నేను దాని నోటి నుంచి ఎప్పుడూ వినలేదు. రెండు చేతులతో నన్ను నెట్టేసింది, కాళ్ళతో తన్నింది, "అవ్వా! అవ్వా!" అని సంతోషమ్మ వైపు చేతులు చాపింది. నేను ఇంకా గట్టిగా హత్తుకున్నాను. అది ఇంకా ఏడ్చింది. జారి కిందపడి, పాకుతూ లేస్తూ పోయి సంతోషమ్మ కాళ్ళు పట్టుకుంది. చుట్టుపక్కల లారీ దిగినవాళ్ళంతా మూటలు పట్టుకుని నిలబడి చూస్తున్నారు.

యావమ్మవే నువ్వు? అని మా అమ్మకు వినిపించిన మాట నాకూ వినిపించింది.

"రెండు నెల్లలో నా బిడ్డను నీ బిడ్డను చేసుకుంటివి గదా పెద్దమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "బిడ్డలు లేనోళ్ళ చేతికి ఇస్తే ఇంతే. నాదే తప్పు."

"భువనా! నోరు ముయ్!" అని మా అత్త గేటు దగ్గర నుంచి కేక వేసింది.

 సంతోషమ్మ నా వైపు చూడలేదు. పాప గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "మాటలు తర్వాత. ముందు కండ్లు చూడు. ఎర్రగా వాచిపోతాండాయి." పాప చెంపను ముక్కుతో వాసన చూసింది. వెంటనే రెండు తుమ్ములు తుమ్మింది. "మిరప!"

"నేను చేతులు కడుక్కున్నా! అత్త గూడా చూసింది!"

"చేతులు కాదమ్మే." వచ్చి నా కొంగు లాగి వాసన చూసి దగ్గింది. "చీర. ఈ చీర యాడ పెట్టినావు?"

 మూట మధ్యలో గోతం. గోతం కింద చీర. ముందు రోజంతా ఎండలో, రాత్రంతా లారీ కుదుపులకు, తాలుకాయల పొడి రాలి రాలి మడత మడతలోకీ దిగి ఉంటుంది. మొద్దుబారిన నా ముక్కుకు తెలియలేదు. పాప నన్ను గుర్తుపట్టాలని దాచిన చీరే పాప కళ్ళలో కారం కొట్టింది.

"నువ్వు దూరం జరుగు" అంది సంతోషమ్మ. జరిగాను. మాకు కుళాయి నీళ్ళు ఎనిమిది రోజులకోసారి వస్తాయి, ఆ రోజు ఏడోది. ఆమె ఇంట్లో తాగడానికి మిగిలింది ఒక్క బిందె. ఆ బిందె అరుగు మీదికి తెచ్చి, పాపను పక్కకు వంచి పట్టుకుని, చెంబు తర్వాత చెంబు కళ్ళ మీద పోసింది. ఒక్క చెంబు కూడా మిగల్చలేదు. నా బిడ్డ కళ్ళు ఇంకొకరు కడుగుతుంటే నేను పది అడుగుల దూరంలో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

మా ఆయన, సంతోషమ్మ పాపను బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయారు. నన్ను రావద్దన్నారు. ఆ గంట ఎట్లా గడిచిందో చెప్పను. తిరిగొచ్చి "కండ్లకు ఏమీ కాలేదు, చుక్కలు ఇచ్చినారు, రెండు రోజుల్లో తగ్గుతాది" అని మా ఆయన చెప్పాక గానీ నేను గడప మీద నుంచి లేవలేదు.

మధ్యాహ్నం గోడ మీద ఒక మడత పెట్టిన చీర కనిపించింది. సంతోషమ్మది, ఉతికిన నేత చీర. ఆమె అవతలి నుంచే అంది. "మీ గుడ్డలన్నీ ఆ మూటలోవే. ఉతికి ఎండేసేదాకా ఇది కట్టుకో." అంతే. 

పాప ఆమె దగ్గరే ఉండిపోయింది. నేను గోడ దగ్గరికి పోతే చాలు, కళ్ళు మూసుకుని ఆమె వెనక్కి పోయేది. మా అత్త "మూడు నాళ్ళు ఓర్చుకోవే" అంది. ఈసారి ఎదురు చెప్పలేదు. మరుసటి రోజు కుళాయి వచ్చాక బట్టలన్నీ ఉతికాను. మూట గుడ్డ ఉతికాను. ఆ చిలకపచ్చ చీర మూడుసార్లు ఉతికాను. మధ్యాహ్నం ఆటకు మా అత్త పోలేదు, సంతోషమ్మ పిలవలేదు. రెండు ఇళ్ళ మధ్య అంత నిశ్శబ్దం నా పెళ్ళయ్యాక ఎప్పుడూ లేదు.

రెండో రోజు నేనే పోయాను. పాప లోపల నిద్రపోతోంది. సంతోషమ్మ ఒక్కతే అరుగు మీద పులులూ మేకలూ రెండూ తానే ఆడుకుంటోంది.

"పెద్దమ్మా, నిన్న ఆ మాట..."

"యా మాట? శానా మాటలంటివి. యాదో చెప్పు."

నాతో చెప్పించాలనే అడుగుతోందని తెలుసు. చెప్పాను. "బిడ్డలు లేనోళ్ళు అంటిని."

"ల్యారు గదా. ఉండే మాటే." ఒక చింతపిక్క జరిపింది. "దానికి నాకు నొప్పి ల్యా. నీ బిడ్డను నీకు కాకుండా చేసినా అంటివి సూడు, అది తప్పుడు మాట. దినామ్ము సాయంత్రమయ్యేసరికి ఆ ఫోను పట్టుకోని ఈ గడప మీద కూర్చుంటాది. నన్ను గూడా ముట్టనియ్యదు. నీ మాట అయిపోయినాంక గూడా చెవికాడ పెట్టుకోని తిరుగుతాది. పండుకునేటప్పుడు గూడా పక్కనే ఉండాల."

"మరి... అసలు అడగదంటివి?"

"ఏడుస్తాదని చెప్తే నువ్వు ఆడ కాయ కోస్తావా, కూర్చోని ఏడుస్తావా?"

నాకు ఏడుపు ఆగలేదు.  కాసేపయ్యాక "ఏడ్చింది చాలు గానీ కూర్చో. ఒక్కదాన్నే ఆడి ఆడి నాకే విసుగొచ్చింది. పులులు తీసుకుంటావా, మేకలు తీసుకుంటావా?" అంది.

"నాకు ఆట రాదు పెద్దమ్మా."

"అయితే పులులు తీసుకో. మీ అత్తకు గూడా రాదు, అవే ఆడుతాది."

మూడో రోజు సాయంత్రం. నేను మా గోడకు ఇవతల పీట మీద కూర్చున్నాను, వీపు అటువైపు తిప్పి. పాప అరుగు మీద తిరుగుతోంది, కాలి పట్టీల చప్పుడు వినిపిస్తోంది. నా మొహం చూస్తే భయపడుతుంది. సరే, మొహం చూపించను. ఫోనులో ఎట్లా అడిగేదాన్నో అట్లాగే, అంతే నిదానంగా అన్నాను. "శివానీ, బువ్వ తింటివా? ఎన్ని ముద్దలు తింటివి?"

పట్టీల చప్పుడు ఆగింది. తర్వాత గబగబా లోపలికి పోయింది. నా ప్రాణం ఉసూరుమంది. పోయింది, మళ్ళీ దాక్కుంది అనుకున్నాను.

"తిరగవాకు" అని సంతోషమ్మ మెల్లగా అంది. "ఫోను తెచ్చుకుంటాంది. చెవికి పెట్టుకునింది. మల్ల అడుగు."

మళ్ళీ అడిగాను. పాప ఫోనును చెవి నుంచి తీసి చూసుకుందట. మళ్ళీ పెట్టుకుందట. మూడోసారి నేను అడిగినప్పుడు మాట ఫోనులో నుంచి కాదు, గోడ అవతల నుంచి వస్తోందని దానికి తెలిసిపోయింది. సంతోషమ్మ దాన్ని గోడ మీదుగా ఎత్తి మా వైపు దించింది. చిన్న చిన్న అడుగులు నా వెనక నుంచి వచ్చాయి. ఒక చల్లటి ఫోను నా నోటికి తగిలింది. పళ్ళకు కొట్టుకునేంత గట్టిగా నొక్కింది.

"బువ్వ తింటివా?" అన్నాను ఆ ఫోనులోకి.

పాప నా నోరు చూసింది. ఇంకో చేత్తో నా పెదవులు పట్టుకుని లాగింది, మాట ఎక్కడ నుంచి వస్తోందో వెతుకుతున్నట్టు. "అమ్మ" అంది. నన్ను పిలిచినట్టు కాదు. పోయిన వస్తువు దొరికితే పేరు చెబుతామే, అట్లా అంది. ఆ తర్వాత నా ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది. నేను చేతులు రెండూ పైకెత్తి పెట్టుకున్నాను, ముట్టుకుంటే ఏమవుతుందోనని.

"ఇంగ పట్టుకోమ్మే!" అంది సంతోషమ్మ. "పోలీసోళ్ళకు దొరికిన దొంగ మాదిరి చేతులు ఎత్తుకోని కూర్చున్నావు."

పట్టుకున్నాను. మా అత్త లోపల నుంచి "ఏమాయ? ఏమాయ?" అని ఉరికొచ్చింది. చూసింది. గోడ దాటి పోయి, అరుగు మీద కూర్చుని, "పులులు నాకే" అంది.

ఇదంతా పోయిన ఏటి సంగతి. ఈ ఏడు మేము సుగ్గికి పోలేదు. మా ఆయనకు వేంపల్లెలో అరటి మండీలో గెలలు ఎక్కించే పని దొరికింది. ఏడాది పొడుగునా ఉండే పని. దసరా పోయాక అందరం ఇక్కడికి వచ్చేశాం. ఒక గది, ముందర రేకుల వసారా. శివానికి రెండేళ్ళు దాటాయి. పిల్లికూతలు తగ్గాయి. నోరు మూయకుండా మాట్లాడుతుంది. నేను దుకాణానికి పోయి వస్తే "యాడికి పోతివి?" అని నిలదీస్తుంది. నా భయాలు నాతోనే ఉన్నాయి గానీ, ఆ పెద్ద భయం మాత్రం కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

వచ్చేటప్పుడు సంతోషమ్మను మాతో రమ్మన్నాం. మా అత్త బతిమాలింది, తిట్టింది కూడా. "నా కోళ్ళను ఎవరు చూస్తారు? దాసన్న సమాధి ఈడ ఉండాది. పోండి, పోండి" అని మమ్మల్ని పంపించింది.

ఇప్పుడు మళ్ళీ చలికాలం చివర. మా కాలనీలో అందరూ తాళాలు వేసి సుగ్గికి పోయి ఉంటారు. నలభై ఇళ్ళలో ఆమె ఒక్కతే. సాయంత్రం ఫోను చేస్తే ఎత్తుతుంది. "ఎట్లుండావు పెద్దమ్మా?" అంటే "బాగుండా, నాకేమి?" అంటుంది. మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉందంటే "అసలు ల్యా" అంటుంది. ఎదుటి మనిషి బాధపడకూడదని ఆమె ఎంత చక్కగా అబద్ధం చెబుతుందో నాకు తెలుసు. పోయిన వారం మాట్లాడేటప్పుడు మధ్య మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. అడిగితే కోళ్ళ వెనక ఉరికాను అంది. ఆ మోకాళ్ళతో ఆమె ఉరకలేదు. నెల తిరిగేలోపు మేము అక్కడికి పోలేము, మా ఆయనకు సెలవు లేదు.

అందుకే ఇదంతా రాశాను. ఇది చదివిన వాళ్ళలో ఆలూరు దిక్కు వాళ్ళు ఎవరైనా ఉంటే, లేదా ఏదైనా పని మీద ఆ పక్క పోతుంటే, దయచేసి మా కాలనీలోకి ఒక్కసారి పోండి. వరసలో చివరి నుంచి రెండో ఇల్లు, నీలం తలుపు. గేటు దగ్గర నుంచి పలకరించి వచ్చేయకండి, లోపలికి పోయి కూర్చోండి. ఆమె బాగున్నానంటే నమ్మకండి. పొయ్యి వెలిగించిందో లేదో, మెట్టు దిగగలుగుతోందో లేదో మీ కళ్ళతో చూడండి. భువన పంపింది అని చెప్పండి. చూసి నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నేను ఏడుస్తానేమోనని దాచకండి.